మేనత్త పీట

పోయిన వారం ప్రోసీని ఎక్కడ వదిలేశామో గుర్తుందిగా? తలమీద మోసుకొచ్చిన అరటిగెల పక్కన దింపుకుని, ఎరియా వాళ్ళ నాయనమ్మ గడప ముందు మోకాళ్ళ మీద కూర్చుని ఉంది. ఊరంతా జజ్జా అని పిలిచే ఆ పెద్దావిడని ప్రోసీ కోరింది ఒక్కటే. "ఆ హాలండ్ పిల్ల దేవుడి పని మీద ఇంత దూరం వచ్చింది. మన బడి గది కోసం ఇటుకలు మోసి చేతులు బొబ్బలెక్కించుకుంది. వెళ్ళిపోయేలోపు దానికి మీ గోత్రం పేరొకటి పెట్టండి జజ్జా" అంది. జజ్జా మురిసిపోయింది. ఆదివారం ప్రార్థన అవగానే పెడతానని మాటిచ్చింది.

వినేవాళ్ళకి ఎంత మంచి మనసో అనిపిస్తుంది. అసలు సంగతి మనకి తెలుసు. ఎరియా వాళ్ళది ఎంగెయె గోత్రం, అంటే తెల్లతోక నల్లకోతి గోత్రం. ఆ గోత్రం పేరు నోట పలికిన క్షణం నుంచి ఆ హాలండ్ పిల్ల మరైకె ఎరియాకి తోబుట్టువు అయిపోతుంది. ఉగాండాలోని ఈ బుగాండా గడ్డమీద సగోత్రం వాళ్ళు అన్నాచెల్లెళ్ళే. వాళ్ళ మధ్య పెళ్ళి మాట ఎత్తితే వినేవాళ్ళు చెవులు మూసుకుంటారు. పుట్టింది హాలండ్‌లో అయినా, ఒళ్ళు తెల్లగా ఉన్నా ఆ కట్టు కట్టే. గొడవ పడకుండా, ఎవరినీ ఒక్క మాట అనకుండా, పేరు పెట్టే వంకతో ఇద్దరి మధ్యా గోడ కట్టించేస్తోంది మన ప్రోసీ.

ప్రోసీకి అంత కడుపుమంట ఎందుకంటే, ఉంది మరి. ఎరియా ఆమెకి చిన్నప్పటి నుంచీ తెలిసినవాడు. ఊళ్ళో తాపీ పని చేస్తాడు, చర్చిలో డోలు వాయిస్తాడు. పెళ్ళి మాట ఎత్తినప్పుడల్లా "మేనత్త పోయింది కదా ప్రోసీ, మా తరపున మీ ఇంటికి వచ్చి అడిగేవాళ్ళెవరు? ఆ పీట మీద ఎవరైనా కూర్చునేదాకా జజ్జా కదలదు" అంటాడు. ప్రోసీ దాన్ని సాకు కింద జమకట్టింది. మొగాడికి మనసుంటే మేనత్త అడ్డమా?

అలాంటివాడు మరైకె వచ్చిన దగ్గర్నుంచి మారిపోయాడు. బావి నుంచి ఆ పిల్ల నీళ్ళ డబ్బా తన సైకిల్ మీద పెట్టుకుని తోసుకొస్తున్నాడు. ఆడవాళ్ళ డబ్బా మోసే మగవాణ్ణి ఈ ఊళ్ళో కుక్కలు కూడా వింతగా చూస్తాయి. ఇన్నేళ్ళలో ప్రోసీ డబ్బాని ఒక్క పూట పట్టిన పాపాన పోలేదు. మొన్న మిడతల వాన పడినప్పుడు చర్చి మెట్ల మీద కూర్చుని ఒక్కొక్క మిడత రెక్కా కాలూ ఓపిగ్గా తుంచి, వేయించి, కాగితం పొట్లం కట్టి ఎవరికిచ్చాడనుకున్నారు? మరైకెకి. ఆ పిల్ల ఒకటి నోట్లో వేసుకుని కళ్ళు మూసుకుంటే, ఎరియా పగలబడి నవ్వాడు. ఆ నవ్వు ప్రోసీ చెవుల్లో ఇంకా మోగుతూనే ఉంది. బావి దారిలో అంతంతసేపు వాళ్ళిద్దరూ ఏం మాట్లాడుకుంటారో తెలియక ఆమెకి తిండి సయించడం లేదు. ప్రార్థనలో కూర్చుని కూడా, ఆ పిల్లని క్షేమంగా, కాస్త త్వరగా ఇంటికి చేర్చమని ప్రభువుని వేడుకుంటోంది.

ఆదివారం రానే వచ్చింది. వాన తెరిపిచ్చింది. నక్యేసా గుట్ట మీది చర్చి కిటకిటలాడింది. పాటలయ్యాక మరైకె సాక్ష్యం చెప్పడానికి లేచింది, పక్కన ప్రోసీ నిలబడింది. మరైకెతో పాటు హాలండ్ గుంపు వచ్చినప్పటి నుంచీ వాళ్ళ ఇంగ్లీషుని ఊరి భాష లుగాండాలో చెప్పే పని ఆమెదే.

"ఇక్కడికి రాకముందు నేను ఒంటరిగా ఉండేదాన్ని. ఇక్కడ నాకు ఒక ఇల్లు దొరికింది" అంది మరైకె, చప్పగా.

ప్రోసీకి చప్పటి మాటలంటే గిట్టదు. ఎంత కోపమున్నా పనిలో మాత్రం లోటు రానివ్వదు. "అమ్మా, నేను తల్లి తప్పిన కోడిపిల్లని. గద్ద నీడ నా మీద పడుతుంటే నక్యేసా తల్లి రెక్క విప్పి నన్ను లోపలికి లాక్కుంది" అంది గొంతు వణికిస్తూ.

ముందు వరసలో ఆడవాళ్ళు ముక్కులు ఎగబీల్చారు. వెనక ఎవరో "స్తోత్రం!" అని అరిచారు. ప్రార్థన ముగిశాక అందరూ వచ్చి మరైకెని కావలించుకుని, బుగ్గలు నిమిరి, "ఎంత బాగా మాట్లాడావు తల్లీ" అని దీవించారు. ప్రోసీ పక్కనే నిలబడింది. ఆమె భుజం మీద చెయ్యి వేసినవాళ్ళు లేరు. ఏడిపించింది నా మాటలు, మెప్పు దానికా అని ఆమె మనసు కుతకుతలాడింది.

పేరు పెట్టే వేళకి మరైకెకి గోమెసి, అంటే ఇక్కడి ఆడవాళ్ళు పండగలకి కట్టే బట్ట, కట్టాలి. చర్చి వెనక గదిలోకి తీసుకెళ్ళి ఆ పని కూడా ప్రోసీయే చేసింది. గోమెసి పట్టుది, ఊదారంగు. జజ్జా తన పెట్టెలోంచి తీసి పంపింది. కలరా ఉండల వాసన గుప్పుమంటోంది. ఇంత ఖరీదైన బట్ట ఎవరిదని ప్రోసీ ఒక్క క్షణం ఆగి ఉంటే ఈ కథ మరో దారి పట్టేది. ఆగలేదు. ఆమె ధ్యాసంతా నడికట్టు మీద ఉంది. రెండు చుట్లు చుట్టి, మోకాలితో తన్నిపెట్టినంత గట్టిగా లాగి ముడేసింది.

"ఊపిరాడటం లేదు ప్రోసీ."

"గోమెసి అంటే అంతే. మర్యాద ముందు, ఊపిరి తర్వాత."

మరైకె నవ్వబోయి ఆగిపోయింది. అద్దంలోంచి ప్రోసీ మొహం చూస్తూ అడిగింది. "నాకు పేరు పెట్టమని అడిగింది నువ్వేనట. జజ్జా చెబితే ఎరియా నాకు చెప్పాడు. ఎందుకడిగావు?"

"నీమీద ప్రేమకొద్దీ."

"నిజంగానా?"

"చర్చిలో నిలబడి అబద్ధమాడతానా?"

"అలా కాదు. నాకు లుగాండా నేర్పమని ఎన్నిసార్లు అడిగినా నువ్వు నేర్పలేదు. అందుకని నా మీద ఏదో కోపం ఉందనుకున్నా."

"నేనుండగా నీకు లుగాండా ఎందుకు? నా నోరే నీ నోరు" అని ప్రోసీ ముడిని ఇంకొంచెం బిగించింది. ఆ మాట ఆమెకి తీయగా అనిపించింది. నిజమే, తను లేకపోతే ఈ పిల్ల ఈ ఊళ్ళో మూగది.

బయట పందిరి కింద చాపలు పరిచారు. ఇంగ్లీషు వచ్చిన కుర్రకారంతా, హాలండ్ గుంపుతో సహా, పొయ్యిల దగ్గర అరటాకు మూటలు విప్పి, ఉడికిన అరటికాయ మటోకె ముద్దలు బేసిన్లలోకి దించుతున్నారు. పల్లీల కూర ఘుమఘుమలాడుతోంది. పందిట్లో పెద్దవాళ్ళు మాత్రమే కూర్చున్నారు. నడిమధ్య బెరడు బట్ట పరచుకుని జజ్జా కూర్చుంది. ఆమె కుడిపక్కన గోత్రం పెద్ద సలొంగో ఉన్నాడు. కవలలకి తండ్రి గనక అందరూ ఆయన్ని ఆ పేరుతోనే పిలుస్తారు, అసలు పేరు ఆయనకే గుర్తులేదేమో. మరైకెని జజ్జా ఎదురుగా కూర్చోబెట్టి ప్రోసీ పక్కన చేరింది.

"పిల్లా, నీ చేతులు చూశాను. మా ఇటుకలు నీ చర్మం తిన్నాయి. ఇంతకంటే రుజువు నాకక్కర్లేదు. ఇక నువ్వు ఎంగెయె ఆడపడుచువి. నల్లకోతి మాంసం ముట్టకూడదు. అది మన తోబుట్టువు" అంది జజ్జా.

ప్రోసీ అది ఇంగ్లీషులో చెప్పింది. మరైకె గుండె మీద చెయ్యి వేసుకుని, "ముట్టను, నా ప్రాణం పోయినా సరే" అని గంభీరంగా ఒట్టేసింది. ఆ ఒట్టు ప్రోసీ నోట లుగాండాలో వినగానే పందిరి ఎగిరిపోయేలా నవ్వారు. ఆ కోతి మాంసం ఊళ్ళో ఎవరూ ముట్టగా చూసిన వాళ్ళు లేరు మరి.

"నీ పేరు నకసుజ్జా" అంది జజ్జా.

ఆడవాళ్ళు గొంతులెత్తి కేకలు పెట్టారు. ప్రోసీ గుండెల మీంచి పెద్ద బండ దిగినట్టయింది. ఇంక ఎవరేం చేసినా ఈ పిల్ల ఎరియాకి చెల్లెలే. పందిరి గుంజకి ఆనుకుని నీళ్ళ బిందె పట్టుకున్న ఎరియా వైపు తిరిగింది. అతని మొహం మాడటం కళ్ళారా చూడాలని ఆమెకి ఎంతో ఆశగా ఉంది.

"ఏం ఎరియా, చెల్లెలు దొరికింది. పండగేనా?"

"పండగే మరి. ఎన్నాళ్ళకి మా ఇంట ఆడపిల్ల పేరు వినపడింది!" అన్నాడు ఎరియా. పళ్ళన్నీ కనిపించేలా నవ్వాడు. ఆ మొహంలో ఎక్కడా మసి లేదు. చేతికి చిక్కిన పిల్ల జారిపోయిందన్న బాధ వీసమెత్తు లేదు.

ప్రోసీకి చిర్రెత్తింది. ఇంత కష్టపడి గోడ కట్టించింది వీడు నవ్వడానికా? ఆలోచించే వ్యవధి ఆమెకి దొరకలేదు. జజ్జా ఇంకా పూర్తిచెయ్యలేదు.

పెద్దావిడ వెనక్కి వంగి ఒక బుట్ట ముందుకు లాగింది. బుట్టలో పిడి అరిగిన వంటకత్తి ఉంది. పందిట్లో నవ్వులు ఒక్కొక్కటిగా ఆగిపోయాయి. కత్తీ బుట్టా ఊరికే పేరు పెట్టేటప్పుడు ఇవ్వరు. పోయిన ఆడమనిషి స్థానంలో ఒకరిని కూర్చోబెట్టేటప్పుడు ఇస్తారు.

"నకసుజ్జా నా కూతురు. ఎరియాకి మేనత్త. అది మట్టిలోకి వెళ్ళినప్పటి నుంచి దాని పీట ఖాళీగా ఉంది. నా ఇంట్లో మరో ఆడపిల్ల లేదు, మీ ఇళ్ళల్లో ఉన్నా నాకివ్వలేదు. ఇవాళ్టికి ప్రభువు పంపాడు. ఇది దాని గోమెసి, ఇది దాని కత్తి. ఈ పిల్ల నా కూతురి పేరు ఒక్కటే తీసుకోవడం లేదు, దాని చోటు కూడా తీసుకుంటోంది" అంది జజ్జా.

సలొంగో చేతికర్ర నేలకేసి కొట్టాడు. "ఏమిటీ విడ్డూరం? పేరంటే సరే అన్నాం. తెల్లపిల్లని తీసుకొచ్చి మేనత్త పీట మీద కూర్చోబెడతావా? రేపో ఎల్లుండో విమానమెక్కి పోయేదాన్ని!"

"నీ చిన్నకూతుర్ని అడిగాను కదయ్యా, ఇచ్చావా?"

"అది వేరు. దానికి కంపాలాలో ఉద్యోగం..."

"కంపాలాలో ఉన్నది రాదు. హాలండ్‌లో ఉన్నది వచ్చి నా బడికి ఇటుక మోసింది. నా కూతురు, నా కత్తి. నీకు నొప్పయితే నీ కవలల దగ్గరికెళ్ళి చెప్పుకో!"

పందిరంతా గొల్లుమంది. సలొంగో కూడా గొణుగుతూనే మీసం చాటున నవ్వేసి కర్ర పక్కన పెట్టాడు. జజ్జా ఇంకో బెరడు బట్ట మడత విప్పి మరైకె భుజాల చుట్టూ కప్పి ముడివేసింది. అంతటితో పని అయిపోయింది.

ప్రోసీకి తను చేసిన పని అప్పుడు అర్థమైంది. మేనత్త! ఈ నేల మీద మేనత్త పీట ఎక్కిన మనిషి పాలు తాగే పిల్లయినా మేనత్తే. మేనల్లుడికి పిల్లని చూసేది ఆమె, ఆ పిల్ల గుణగణాలు ఆరా తీసేది ఆమె, ఆమె తల అడ్డంగా ఊపితే ఆ సంబంధం అక్కడితో సరి. ఎరియా చెప్పింది సాకు కాదు. ఆ పీట నిజంగానే ఖాళీగా ఉంది, నిజంగానే అదే అడ్డం. ఆ అడ్డం ఇప్పుడు తొలగిపోయింది, తొలగించింది తనే. కానీ తన పెళ్ళి తాళంచెవిని తెచ్చి, ఊళ్ళో ఇంతమంది ఆడవాళ్ళుండగా, తను ఎవరి గాలి సోకినా ఓర్చుకోలేకపోతోందో ఆ పిల్ల చేతిలోనే పెట్టింది. ఊదారంగు గోమెసిలో, తను బిగించిన నడికట్టుతో, వెన్ను నిటారుగా పెట్టి మరైకె నిజంగానే పెద్దమనిషిలా కనిపిస్తోంది. ప్రోసీకి ఆ పిల్లని చూస్తే ఇంతకు ముందు ఎన్నడూ లేనంత అసూయ వేసింది.

"ఒసేయ్ ప్రోసీ, కలలు కంటున్నావేంటే? మేనత్తతో మాట్లాడాలి, మోకాళ్ళు ఏవీ?" అంది జజ్జా.

కూర్చున్నది కూర్చున్నట్టే మాట్లాడితే కుదరదు. ప్రోసీ లేచి, మరైకె ఎదుటికి వచ్చి, రెండు మోకాళ్ళూ నేలకి ఆనించింది. మొదటివారం ఇదే మరైకెకి మోకాళ్ళ మీద ఎలా కూర్చోవాలో నేర్పుతూ, పడిపోతే ముసిముసిగా నవ్వింది తను. ఇప్పుడు మోకాళ్ళకింద చాప పుల్లలు గుచ్చుకుంటున్నాయి. పొయ్యిల దగ్గర ఆడపిల్లలు మెడలు సాచి చూస్తున్నారు.

"అడుగు. పీట మీద కూర్చుంది కాబట్టి మొదటి పని మొదట. నా మనవడు ముదిరిపోతున్నాడు. మేనత్తగా వాడికి పిల్లని చూసిందా, చూస్తుందా? అడిగి చెప్పు" అంది జజ్జా.

ప్రోసీ అడిగింది, ఇంగ్లీషులో, ఉన్నది ఉన్నట్టు. మాట మార్చి చెప్పే తెలివి అప్పటికి ఇంకా రాలేదు.

మరైకె ఎరియా వైపు చూసింది. అతను తల దించుకుని బిందె అంచు రుద్దుతున్నాడు. తర్వాత ఆమె ముందుకు వంగి, ప్రోసీకి మాత్రమే వినపడేంత మెల్లగా మాట్లాడింది. ఆ గొంతులో కోపం లేదు, అదే ప్రోసీని ఎక్కువ భయపెట్టింది.

"పిల్ల ఎవరో నాకు తెలుసని చెప్పు. ఎరియా మనసులో ఎవరున్నారో నాకు చెప్పాడు. కానీ మేనత్తగా నేను ఒప్పుకునే ముందు ఆ పిల్ల అందరి ముందూ ఒక నిజం చెప్పాలి. నాకు ఈ పేరు ఎందుకు పెట్టించిందో చెప్పాలి. ఇందాక అడిగితే ప్రేమ అంది. ఈ ఊళ్ళో గోత్రం అంటే ఏమిటో ఎరియా నాకు చెప్పాడు ప్రోసీ. నేను చిన్నదాన్నే, తెలివితక్కువదాన్ని కాదు."

ఎరియా మనసులో ఉన్నది తనే. ఇన్నాళ్ళూ తనే. ఆ మాట వినడానికి చెవులు రిక్కించుకుని ఎదురుచూసింది, తీరా ఆ మాట ఈ పిల్ల నోట, ఈ షరతుతో వచ్చింది. నిజం చెబితే ఊరు ముందు తల ఎత్తుకోలేదు. పేరు పెట్టడాన్ని, పోయిన మనిషి పీటని, జజ్జా దుఃఖాన్ని తన అసూయకి వాడుకుందని తెలిస్తే ఏ గడప ఆమెని కోడలిగా ఎక్కనిస్తుంది?

"ఏమంటోందే?" అంది జజ్జా.

"చెప్పవేం పిల్లా!" అన్నాడు సలొంగో.

ప్రోసీ చుట్టూ చూసింది. ఇంగ్లీషు తెలిసిన వాళ్ళంతా పొయ్యిల దగ్గరే ఉన్నారు. ఎరియా దూరంగా ఉన్నాడు, అతనికి వినపడి ఉండదు. ఈ పిల్ల నోరు తన నోరే కదా. ఇందాక తనే అంది ఆ మాట.

"పిల్ల ఎవరో తనకి తెలుసట జజ్జా" అంది ప్రోసీ. ఇక్కడిదాకా నిజమే. ఊపిరి తీసుకుంది. "మంచి పిల్లట. తనకి పూర్తిగా ఇష్టమేనట. పేరు మాత్రం ఇప్పుడే చెప్పదట, ఊరెళ్ళే ముందు ఏకాంతంగా మీ చెవిలో చెబుతుందట."

ఆడవాళ్ళు మళ్ళీ కేకలు పెట్టారు. జజ్జా రెండు చేతులూ పైకెత్తి ప్రభువుని స్తుతించింది. ప్రోసీ నుదుటి మీద చెమట తుడుచుకుని మెల్లగా మోకాళ్ళ మీంచి లేవబోయింది.

"జజ్జా."

ఆ గొంతు మరైకెది. ఆ మాట లుగాండాలో వచ్చింది.

"జజ్జా, నేను... అది... అనలేదు." ఒక్కో మాటనీ బావిలోంచి చేదుకుంటున్నట్టు ఆగి ఆగి పలికింది. యాస అడ్డదిడ్డంగా ఉంది, కానీ అర్థం కాని మాట ఒక్కటీ లేదు. "నేను ఒకటి అన్నాను. ప్రోసీ... వేరేది చెప్పింది."

పొయ్యి దగ్గర గరిటె చప్పుడు ఆగిపోయింది. బావి దారిలో వాళ్ళిద్దరూ అంతంతసేపు ఏం మాట్లాడుకున్నారో ప్రోసీకి ఇప్పుడు ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. తను నేర్పనన్నది ఎరియా నేర్పాడు. ఆమె అతని వైపు చూసింది. అతను బిందె కింద పెట్టేసి ఆమెనే చూస్తున్నాడు, ఆ మొహంలో ఇప్పుడు నవ్వు లేదు.

జజ్జా ప్రోసీని పైనుంచి కిందిదాకా ఒకసారి చూసింది. సగం లేచిన ప్రోసీ మోకాళ్ళు వాటంతట అవే మళ్ళీ నేలకి ఆనాయి.

"అయితే నువ్వన్నదేమిటో నువ్వే చెప్పు మేనత్తా. మాకు తొందరేం లేదు, ఆగి ఆగే చెప్పు" అంది పెద్దావిడ.

మరైకె నోరు తెరిచింది. ఈసారి ఆ నోటికీ ఊరికీ మధ్య ప్రోసీ లేదు.